సాల్జ్‌బర్గ్‌లో బోణీ

నా చేతి బోణీ మంచిది కాదు. ఈ మాట నేనంటున్నది కాదు, నగరిలో మా వీధి వీధంతా అన్న మాట. తొమ్మిదేళ్ళ వయసులో వచ్చిన ఈ పేరు అరవై దాటేదాకా నన్ను వదల్లేదు. రేషన్ కార్డులో నా పేరు రెండుసార్లు తప్పు పడింది గాని, ఈ పేరు మాత్రం ఎవరూ ఎప్పుడూ తప్పుగా గుర్తుపెట్టుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే మా నాయన మగ్గం ముందు కూర్చుని, కాఫీపొడి తెమ్మని నన్ను పంపాడు. వీధి చివరి చిల్లరంగడాయన అప్పుడే తలుపు తీసి, వాకిట్లో నీళ్ళు చల్లి, దేవుడి పటానికి ఊదుబత్తి చూపించి కూర్చున్నాడు. నా చేతి నాణేలు కళ్ళకద్దుకుని మరీ పెట్టెలో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చిన వాన ఆయన అంగడి పెంకుల సందుల్లోంచి కారి, చక్కెర మూట, ఉప్పు మూట రెండూ కరిగించేసింది. వాన నగరి అంతటా కురిసింది. తప్పు మాత్రం నాదైంది. నెల తిరక్కముందే, వడలమ్మే అవ్వ దగ్గర తొలి వడ నేను కొన్నాను. అవ్వ బాణలి ఒరిగి నూనెంతా కాలువలో కలిసింది. ఆ పొయ్యికి ఒక రాయి ఏడాదిగా కదులుతోందని అందరికీ తెలుసు. అయినా రాయిని ఎవరూ ఒక్క మాటనలేదు.

అప్పట్నుంచి ఏ అంగడికి పోయినా ఒకటే మాట.

"రేయ్, నువ్వు రొంత ఆ పక్కన నిలబడు. ఎవురన్నా వచ్చి కొన్యాక నీకిస్తా."

నా చిన్నతనపు పొద్దులన్నీ అంగళ్ళ చూరు కింద అలా గడిచాయి. నేను ఇంటికి ఆలస్యంగా చేరితే మా అమ్మ తిట్టేది కాదు. ఇంకా బోణీ కాలేదు కాబోలు అనుకునేది.

తిరుపతిలో యూనివర్సిటీ గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు, జీతం కంటే ముందు నాకు కలిగిన సంతోషం, ఇక్కడ నన్నెవరూ ఎరగరని. మూడో రోజు పొద్దున గేటు ఎదురుగా టీ కొట్టుకు పోయాను. ఆయన గ్లాసు తీయబోయి నా మొహంలోకి చూశాడు.

"ఏమప్పా, నువ్వు నగరిలో మగ్గాలాయన కొడుకువి గదా? రొంత అట్ల బెంచీ మీద కూర్సో."

ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో ఆయన దగ్గర నేను తాగినవన్నీ రెండో టీలే.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆఫీసులో ఎవరైనా శకునాలు, వర్జ్యాలు అంటే గట్టిగా వాదించేవాణ్ణి. అయితే పొద్దున్నే పాలపాకెట్ కోసం బూత్ దగ్గరికి పోయి, ఇంకెవరైనా కొనేదాకా ఫోన్ చూసుకుంటున్నట్టు పక్కన నిలబడేవాణ్ణి. పాపం, పిల్లలు గలవాడు, మన వాదనకు అతని వ్యాపారం ఎందుకు బలి కావాలి అని.

మా ఇంట్లోనే దీనికి పూర్తిగా ఎదురైన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. మా అమ్మకు పెద్దన్న, నాకు పెద్దమామ. ఆయన చేతి బోణీ అంటే పుత్తూరు దాకా పేరు. ఆయన పొద్దున పళ్ళు తోముకుంటూ వీధిలోకి వస్తే చాలు, అంగళ్ళవాళ్ళు పిలిచి మరీ ఏదో ఒకటి అమ్మేవాళ్ళు. జన్మలో బీడీ ముట్టని మనిషి ఇంట్లో అటక నిండా అగ్గిపెట్టెలు ఉండేవి. ఇరవై రెండేళ్ళ కిందట మా ఆవిడ తిరుపతిలో గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళల ఫ్యాన్సీ అంగడి పెట్టినప్పుడు, తొలి బేరానికి ఆయననే నగరి నుంచి పిలిపించాం. బట్టతల ఆయన, ఒక దువ్వెన కొన్నాడు. అంగడి ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మంచిగా నడుస్తోంది. అందుకని ప్రతి ఉగాదికి ఆయనకు ఒక పంచె, మిఠాయి డబ్బా ఇచ్చి వస్తున్నాం. ఆయన పంచె మడత విప్పి అంచు చూసి, "మన సెయ్యి అట్లాంటిదబ్బా" అంటాడు. నాకు ఆ మాట విన్న ప్రతిసారీ కడుపు మండేది. ఇప్పుడు దాచడమెందుకు, చాలా మండేది.

నేను రిటైరైన ఏడాది మా ఆవిడ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కాశీకి, రామేశ్వరానికి బస్సులు తిప్పే ఒకాయన తొలిసారి యూరప్ యాత్ర వేశాడు. మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా. డిసెంబరు చలిలో ఎవరూ పోరు కాబట్టి ఛార్జీలు తక్కువ. ఆ నెలలో అక్కడ ప్రతి ఊళ్ళో క్రిస్మస్ సంతలు పెడతారు, వాటిని చూడ్డానికి టికెట్టు లేదు, కాబట్టి కాగితం నిండా ఆ సంతలే. మన పండగ కాదు కదా మనమెందుకని నేనన్నాను.

"సంతకి పొయ్యేదానికి మతమేంది బావా? అంగళ్ళు సూసేదానికి పోతా ఉండాం" అంది. మా ఆవిడ నా చిన్నమామ కూతురు. పుట్టినప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తుంది, పెళ్ళయ్యాక అందులో కొంచెం విసుగు చేరింది.

ముప్పైమందిమి బయల్దేరాం. అందరివీ ఒకే రంగు మంకీ క్యాపులు. వెంట ఒక వంటమనిషి, పులిహోరకు సరిపడా చింతపండు గుజ్జు. మ్యూనిక్‌లో మొదటి సంతలోనే పరువు పోయింది. ఒక కొయ్య గుడిసె దగ్గర లవంగం, దాల్చినచెక్క వాసన గుప్పుమని వస్తోంది. ముందు పెద్ద క్యూ ఉంది. మేము తిరుపతివాళ్ళం, క్యూ కనిపిస్తే ముందు నిలబడి, ఎందుకని తర్వాత అడుగుతాం. బిర్యానీ అనుకుని పదిమందిమి అరగంట నిలబడ్డాం. తీరా దగ్గరికి పోతే అది మసాలా వేసి కాచిన ద్రాక్షసారాయి. సగంమంది చెంపలు వేసుకుని వెనక్కి వచ్చారు. మిగిలిన సగం వెనక్కి రాలేదు.

బస్సులో నా పక్క సీటు చిత్తూరులో బెల్లం మండీ పెట్టుకున్న ఆయనది. ఆయన తన భార్య గట్టితనం గురించి చెబుతుంటే, నేను నా దగ్గరున్న పాత కథ తీశాను. ఈ కథ నేను కనీసం యాభై పెళ్ళిళ్ళలో చెప్పి ఉంటాను. మా ఆవిడ అంగడి తెరిచిన రోజు పెట్టెలు మోస్తుంటే నా చొక్కా గుండీ ఊడింది. ఒక పిన్నీసు ఇమ్మంటే, డబ్బులు పెట్టమంది. "మొగుడైనా సరే, నా అంగట్లో ఉత్తినే ఇచ్చేది లేదు" అని ఐదు రూపాయలు పిండి, పిన్నీసుల అట్ట మొత్తం చేతిలో పెట్టింది. బెల్లం ఆయన పడీ పడీ నవ్వాడు. ముందు సీట్లో మా ఆవిడ కూడా నవ్వింది. ఎప్పుడు చెప్పినా ఆమె నవ్వుతుంది, అదొక్కటి మెచ్చుకోవాలి.

సాల్జ్‌బర్గ్‌లో బస్సు దిగేసరికి పొద్దున పది. ఊరి మీద కొండ, కొండ మీద కోట, చంద్రగిరి కోటకు ఎవరో సున్నం కొట్టినట్టుంది. కింద చర్చి ముందు మైదానంలో సంత. యాత్ర ఆయన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. నా రెండో చేతి తొడుగు కనబడక వెతుక్కుంటూ సగం వినలేదు. అందరూ కోట ఎక్కడానికి బయల్దేరారు. నేను మోకాళ్ళని సాకు చెప్పి కిందే ఉండిపోయాను.

అంగళ్ళు అప్పుడే తెరుస్తున్నారు. పైకి ఎత్తే కొయ్య తలుపులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. అది చూడగానే నా కాళ్ళు వాటంతటవే వెనక్కి జరిగి ఒక స్తంభం పక్కన ఆగాయి. చూరు కింద నిలబడే అలవాటు ఏడు వేల కిలోమీటర్లు దాటినా పోలేదు. ఎదురుగా ఒక ముసలామె అంగడి. కొయ్యతో చెక్కి రంగులేసిన చిన్న చిన్న పక్షులు, గొర్రెపిల్లలు, దారాలకు వేలాడుతున్నాయి. ఆమె బల్ల తుడిచి, చేతులు రుద్దుకుని, నన్ను చూసి తల ఊపింది. రమ్మని.

నాకు అప్పుడు తట్టింది. ఈ ఊళ్ళో నగరివాళ్ళు ఎవరూ లేరు. ఈమెకు చక్కెర మూట సంగతి తెలియదు. యాభై ఏళ్ళుగా ఒక్క అంగడివాడు కూడా ఇవ్వని అవకాశం ఈమె తల ఊపి ఇస్తోంది. నా చెయ్యి నిజంగా చెడ్డదా కాదా తేల్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు. నేరుగా పోయి, ఎర్ర కడుపున్న ఒక పక్షిని కొన్నాను. ఈరోజు మొదటి బేరం నాదేనా అని ఇంగ్లీషులో అడిగాను. ఆమె నవ్వి ఒక వేలు చూపించింది. డబ్బు కళ్ళకద్దుకుంటుందేమోనని ఎదురుచూశాను. ఉత్తినే డబ్బాలో పడేసింది. అప్పుడే నాకు కొంచెం భయమేసింది.

వెనక్కి వచ్చి స్తంభం చాటున నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరగంటలో ఒక్క బేరం లేదు. గంటైంది, లేదు. జనం వస్తున్నారు, పక్షుల్ని వేలితో తోసి ఊగేలా చేస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు, పోతున్నారు. పక్క అంగడి మైనపు వత్తులది. అక్కడ కూడా ఎవరూ కొన్నట్టు లేదు గాని, నాకు అటు చూసే తీరిక లేదు. నా కళ్ళన్నీ ముసలామె డబ్బా మీదే. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నా కదల్లేదు.

పదకొండున్నరకు సన్నటి మంచు పడసాగింది. ముసలామె పక్షుల మీద ప్లాస్టిక్ పట్ట కప్పింది. నాకు చక్కెర మూట కళ్ళ ముందు కనబడింది. సంతంతా మంచు పడుతోందని నాకు తెలుసు. అయినా తప్పు నాదే అనిపించింది. మాట్లాడకుండా బస్సులో కూర్చుని ఉంటే ఆమె బతుకు ఆమె బతికేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

కోట ఎక్కలేక బెల్లం ఆయన సగంలోనే దిగి వచ్చాడు. దేవుడే పంపాడనుకున్నాను. అన్నా, ఆ అంగట్లో బొమ్మలు చాలా బాగున్నాయి, ఏమన్నా కొనండి అని ఆయన్ను తోసుకుంటూ పోయాను. ఆయన పట్ట తొలగించి ప్రతి బొమ్మనూ చేతిలోకి తీసుకున్నాడు, మండీలో బెల్లం దిమ్మెను వేలితో తట్టినట్టు తట్టి చూశాడు. ఆఖరికి ఒక గొర్రెపిల్లను ఎత్తి, సగం ధరకు అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన నాలుగడుగులు వేసి, పిలుస్తుందేమోనని ఆగాడు. ఆమె పిలవలేదు.

"ఈడ బేరం సేసేది తెలీదబ్బా ఈల్లకి" అని నాతో అనేసి వేడి పల్లీలు వెతుక్కుంటూ పోయాడు.

మధ్యాహ్నానికి ముసలామె నన్ను గమనించింది. గమనించదా మరి, మూడు గంటలుగా మంకీ క్యాపులో ఒక మనిషి స్తంభం చాటు నుంచి తొంగి చూస్తుంటే. ఆమె మొహం చిట్లించి, పక్క అంగడామెతో ఏదో అని, బల్ల తలుపు తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. చేతిలో డబ్బు ఉంది. పక్షి బాగాలేదా, నచ్చకపోతే తిరిగి ఇచ్చెయ్, అని ఇంగ్లీషులో అంది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బోణీ చేసిన వస్తువు తిరిగి ఇవ్వడమా! దానికంటే ఆ అంగడికి నిప్పు పెట్టడం నయం. నగరిలోనైతే ఆ అంగడివాడు వారం రోజులు తలుపు తెరవడు. నేను పక్షిని కోటు లోపలికి తోసి, రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, మంచి పక్షి, చాలా మంచి పక్షి, అని అరిచాను. ఆమె ఒకడుగు ముందుకు వేసింది. నేను వెనక్కి తిరిగి పరుగెత్తాను. మోకాళ్ళ నొప్పని కోట ఎక్కని మనిషిని, ఆ మైదానం చుట్టూ పరుగెత్తాను. ముసలామె డబ్బు పట్టుకుని నా వెనక కొంతదూరం వచ్చి, ఆగి, నెత్తి కొట్టుకుని పోయింది.

మళ్ళీ స్తంభం దగ్గరికి చేరేసరికి మా ఆవిడ పులిహోర డబ్బాతో అక్కడ నిలబడి ఉంది.

"మోకాళ్ళు నొప్పైతే కూర్సోవాల గదా? ఈడ నిలబడుకోనుండావే?"

కూర్చుంటే ఇంకా నొప్పి అన్నాను. ఆమె నన్ను, స్తంభాన్ని, ఎదురుగా ఉన్న అంగడిని వరసగా చూసింది. డబ్బా నా చేతిలో పెట్టి, నాలుగింటికి వస్తానని మిగతావాళ్ళతో వీధులు చూడ్డానికి పోయింది. పులిహోర తినబుద్ధి కాలేదు. ఆ ముసలామె ఎవరో, ఆ బొమ్మలు ఆమే చెక్కుతుందో, మా నాయన మగ్గం ముందు కూర్చున్నట్టు ఇంట్లో ఇంకెవరన్నా కూర్చుని చెక్కుతారో నాకు తెలియదు. ఎవరిదైనా చేతిపనే కదా. నా వాదన నిలబెట్టుకోవడానికి కాకపోయినా, ఆమె కోసమైనా ఒక్కటి అమ్ముడుపోతే బాగుండునని ఏడుకొండలవైపు తిరిగి దండం పెట్టుకున్నాను. అదే దిక్కో కాదో తెలియదు, సుమారుగా పెట్టాను.

మూడున్నర దాటాక మంచు మబ్బుకు చీకట్లు ముసిరాయి. ఉన్నట్టుండి మైదానం అంతటా దీపాలు వెలిగాయి. చర్చి మెట్ల మీద పిల్లలు పాట అందుకున్నారు. అన్ని వీధుల నుంచి జనం మా బ్రహ్మోత్సవాలకు వచ్చినట్టు వచ్చి పడ్డారు. ముసలామె పట్ట తీసేసి పక్షుల మీద దీపం వేసింది. ఒకామె రెండు పక్షులు కొంది. ఆమె వెనకే ఒక కుటుంబం గొర్రెపిల్లల్ని వరసగా కొనేసింది. నేను నాలుగుదాకా లెక్కపెట్టి, అక్కడ్నుంచి లెక్క తప్పాను. మైనపు వత్తుల అంగడి ముందూ అంతే జనం. పొద్దున యాత్ర ఆయన చెప్పిన సగం మాట అప్పుడు చెవిలో మోగింది. ఇక్కడ పగలంతా చూసిపోయేవాళ్ళే, దీపాలు పెట్టాకే కొంటారు, అందుకని మనం సాయంత్రం మళ్ళీ వస్తాం అన్నాడు.

ముసలామె జనం తలల మీదుగా నన్ను చూసి, ఖాళీ దారాలు చూపించి నవ్వింది. నేను తొడుగు లేని చెయ్యి ఎత్తి ఊపాను.

మా ఆవిడ వచ్చేసరికి నేను గెంతుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పొద్దుట్నుంచి జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఇవన్నీ ఒట్టి మాటలని నేనెప్పుడూ అనేవాణ్ణి కదా, చూశావా, నా చెయ్యి మంచిదే అన్నాను. మరీ అంత వాదన గెలిచిన వాడిలా లేను. కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆమె నా మెడచుట్టూ మఫ్లరు సరిచేసింది.

"నాకు ఇరవై రెండేండ్లుగా తెలుసులే బావా."

"ఏం తెలుసు?"

"నీ సెయ్యి మంచిదని. నా అంగడికి బోణీ సేసింది ఎవురనుకోనుండావ్?"

"పెద్దమామ. దువ్వెన."

"పెద్దనాయన వచ్చింది తొమ్మిదికి. ఏడుకే నువ్వు పిన్నీసుల అట్ట కొన్యావు."

యాభై పెళ్ళిళ్ళలో ఆ కథ చెప్పింది నేనే. ప్రతిసారీ పక్కన కూర్చుని నవ్వింది ఆమె.

"తెలిసే తీసుకున్యావా ఆ ఐదు రూపాయలు?" నోట్లోంచి నగరి మాటే వచ్చింది.

"తెలీకుండా ఎవురన్నా మొగుని కాడ పిన్నీసుకి దుడ్డు తీసుకుంటారా?"

"అంగడి మునిగిపోయుంటే?"

"మునిగితే ఇంగోటి పెట్టుకుందుము. నేను సిన్నప్పట్నుంచి సూస్తా ఉండా. యాడికి పోయినా ఎవురో వచ్చేదాకా పక్కన నిలబడుకోనుంటావు. నా అంగడి ముందర కూడా నువ్వు పక్కన నిలబడుకుంటే, నాకు ఆ అంగడి ఎందుకు బావా?"

ఇన్నేళ్ళు చెప్పలేదేమని అడిగాను.

"సెప్పుంటే, ఒక పొద్దు బేరం తగ్గితే నువ్వు అన్నం తినేటోనివా?" అని మూత కూడా తీయని పులిహోర డబ్బా వైపు చూపించింది.

నాకు ఏడుపొచ్చింది. అంతమంది పరాయి జనంలో, పిల్లలు పాడుతుంటే, ఒక కొయ్య పక్షిని పట్టుకుని ఏడ్చాను. మా ఆవిడ డబ్బా మూత తీసి తినమంది. చల్లారి గట్టిపడ్డ పులిహోరను అక్కడే నిలబడి ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను. తింటూ తింటూ, మరి పెద్దమామ పంచెలో అని అడిగాను.

"ఆయన సంతోషం ఆయన్ది. ఉండనీ."

ఎర్ర కడుపు పక్షి ఇప్పుడు ఆమె అంగట్లో గల్లాపెట్టె పైన వేలాడుతోంది. ఉగాది వచ్చింది. పెద్దమామకు ఎప్పటిలాగే పంచె ఇచ్చాం. ఆయన ఎప్పటిలాగే అంచు చూసి, మన సెయ్యి అట్లాంటిదబ్బా అన్నాడు. అవును మామా అన్నాను, ఈసారి కడుపు మండలేదు. ఆ పంచె నేనే స్వయంగా నగరి పోయి కొన్నాను. బట్టలంగడాయన అప్పుడే తలుపు తీసి నీళ్ళు చల్లుతున్నాడు. నన్ను చూసి, రొంత ఆ పక్కన నిలబడు సామీ, అనబోయాడు. నేను మెట్లెక్కి లోపలికి పోయి, బోణీ చేశాను.